పడుగు పట్టేంత వీధి

నాగులమెరక,
శ్రావణ శుక్రవారం, 1974.

చిరంజీవి మల్లేశ్వరరావుకు అక్క రావమ్మ దీవెనలు.

నువ్వూ సుందరీ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. బాగా లేనిది మన వీధి. నవ్వకు, పూర్తిగా చదువు.

మన పక్కింటి బుల్లెమ్మ లేదూ, మొగుడు పోయాక మగ్గం మూలపెట్టి అప్పడాలు ఒత్తుకుంటోందే, ఆవిడ తన అరుగుని వీధిలోకి రెండడుగులు జరిపి కట్టించింది. దాని మీద కిళ్ళీ బడ్డీ పెట్టింది. "రెండడుగులే కదే రావమ్మా, ఇంత వీధికి అదో లెక్కా?" అంది. నిజమే కదా అని ఎవరూ నోరు మెదపలేదు. వక్కపొడి కోసం బస్సు రోడ్డు దాకా వెళ్ళక్కర్లేదని నేనూ లోపల్లోపల సంతోషించాను. ఆ తర్వాత ఎదురింటి ఆంజనేయులు మెట్లు ముందుకి లాగాడు. వాళ్ళ పక్కవాళ్ళు గేదెకి పాక దింపారు. ఇంకొకళ్ళు స్నానాల దొడ్డి కట్టారు. ఎవర్ని అడిగినా రెండడుగులే అంటారు.

నువ్వు బెజవాడలో బట్టల కొట్టు గుమాస్తావి అయ్యి చాలా ఏళ్ళయింది కనుక మర్చిపోయావేమో అని చెబుతున్నాను. పడుగుకి, ఆ నిలువు పోగులన్నిటికీ గంజి పెట్టాలంటే పొద్దున్నే దాన్ని వీధి పొడుగునా సాగదీసి, అటు ముగ్గురూ ఇటు ముగ్గురూ కుంచెలతో దువ్వుకుంటూ నడవాలి. ఎండ ముదిరేలోగా పోగు పోగూ విడివిడిగా ఆరాలి. ఒక కొస బస్సు రోడ్డు దగ్గర కడితే రెండో కొస వీధి చివర నీ దొడ్డిలో గుంజకి కట్టాలి. అంత పొడుగు ఉంటేనే పడుగు పడుతుంది. పొట్టి పడుగులు వేసుకుంటే మాటిమాటికీ అతుకులు వేసుకోవడానికే పొద్దు చాలదు, ఇక నేసేదెప్పుడు? నాన్న పంపకాల్లో ఇల్లు నాకూ, దొడ్డి నీకూ ఇచ్చాడు గానీ ఆ గుంజ మాత్రం వీధిలో అందరిదీ అన్నాడు. ఇప్పటికీ ఎవరి పడుగైనా అక్కడే కడుతున్నారు.

మొన్న మీ బావ పడుగు వేస్తే నడిచేవాళ్ళు గేదె పాక దగ్గరికి వచ్చేసరికి ఒకరి వెనక ఒకరు నక్కాల్సి వచ్చింది. గేదె తల బయటికి పెట్టి గంజి నాకింది. అందరూ పకపకా నవ్వారు. మీ బావ నవ్వలేదు. అక్కడ పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఆ పడుగు నేసినన్నాళ్ళూ తెగుతూనే ఉంది, ఆయన ముడి వేసుకుంటూనే ఉన్నాడు.

నూలు షావుకారు రామకోటేశ్వరరావు గంజి పెట్టే మిషను తెస్తాడట, జాగా వెతుకుతున్నాడు. "ఈ వీధుల్లో పరుగులెందుకమ్మా, సిద్ధంగా ఉన్న పడుగు నేనిస్తాను, నేసిన గుడ్డ నాకే వెయ్యండి" అంటున్నాడు. అంటే మన ఇంట్లో మన మగ్గం మీద మనం కూలివాళ్ళమన్నమాట. "వీధి ఉన్నన్నాళ్ళూ నేను ఎవడి గడపా తొక్కను" అని మీ బావ ఒట్టు పెట్టుకుని కూర్చున్నాడు. ఇల్లరికం వచ్చిన మనిషి, ఎంత పౌరుషమో నీకు తెలుసు. పంచాయతీవాళ్ళని వీధి కొలవమంటే టేపు లేదన్నారు. నీకు పట్నంలో నలుగురూ తెలుసు కదా, ఏదైనా దారి చూడు.

నీ అక్క,
రావమ్మ

*

వన్ టౌన్, విజయవాడ,
వినాయక చవితి మర్నాడు.

అక్కకు నమస్కారాలు.

ఉత్తరం చూశాను. గేదె సంగతి చదివి సుందరి కడుపు పట్టుకుని నవ్వింది. నేను మాత్రం ఆలోచనలో పడ్డాను.

ఇక్కడ మా కొట్టు సందులోనూ ఇదే భాగోతం. ప్రతి గోడౌనువాడూ తన బేళ్ళు తన గుమ్మం ముందే దించుకుంటాడు. తోపుడు బండ్లు కదలవు. సందంతా ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటారు, బేళ్ళు మాత్రం ఎవడూ లోపలికి జరపడు. జరిపినవాడికి ఒరిగేదేమిటి? ఖాళీ చేసిన చోట పక్కవాడు దించుకుంటాడు. మా కొట్లో జేబురుమాలుకి కూడా ధర చీటీ కడతాం. వీధికి ఎవరూ ధర కట్టలేదు, కనుక దాన్ని కొంచెం కొంచెం తీసుకుంటుంటే ఎవరికీ నష్టం కనబడదు. కనబడేసరికి వీధి ఉండదు. ఇది బుల్లెమ్మ తప్పని నేను అనను.

పంచాయతీ చుట్టూ తిరగడం దండగ. అందర్నీ ఒకచోట కూర్చోబెట్టండి. భజన మందిరంలో పెద్దల ముందు మాట ఇస్తే మనవాళ్ళు తప్పరు. వీధి లేకపోతే అందరం పోతామని అందరికీ తెలుసు కదా, నచ్చజెప్పడం ఎంతసేపు.

మొన్న రామకోటేశ్వరరావుగారు మా కొట్టుకి వచ్చారు. మా షావుకారుకి పాత స్నేహితులట. చాలా మర్యాదస్తులు. నన్ను పేరు పెట్టి పిలిచి మన వీధి సంగతులన్నీ అడిగారు. మనం అనుకున్నంత చెడ్డ మనిషి కాదు.

బావని అడిగానని చెప్పు.

తమ్ముడు,
మల్లేశ్వరరావు

*

నాగులమెరక,
మహాలయ అమావాస్య.

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు చెప్పినట్టే కూర్చోబెట్టాం. భజన మందిరం నిండిపోయింది. మగ్గం ఉన్న ఇల్లల్లా వచ్చింది. ఆడవాళ్ళం గుమ్మం బయట చాప వేసుకుని కూర్చున్నాం. అంత ఐకమత్యం నేను నా జన్మలో చూడలేదు. వీధి ఉండాలా అంటే ఉండాలి అన్నారు. అరుగులూ పాకలూ వెనక్కి తియ్యాలా అంటే తియ్యాలి అన్నారు. ఎవరు ముందు తీస్తారు అనేసరికి అందరికీ ఒక్కసారే దగ్గొచ్చింది.

"ముందు బడ్డీ తియ్యమనండి, ఆ సాయంత్రానికి నా మెట్లు పగలగొడతా" అన్నాడు ఆంజనేయులు.

"మెట్లు రాతివి, నాది చెక్క బడ్డీ. ఆయన తీశాక నాదెంత సేపు?" అంది బుల్లెమ్మ బయటినుంచే.

"మా గేదె చూడిది. ఈనేదాకా ఆగండి బాబూ" అన్నారు పాకవాళ్ళు.

స్నానాల దొడ్డివాళ్ళయితే ఇంట్లో ఆడపిల్లలున్నారని కన్నీళ్ళు పెట్టుకున్నారు. వాళ్ళదీ నిజమే కదా. చివరికి అందరూ ఒకేసారి తీస్తామని తీర్మానించుకుని, ఆ ఒకేసారి ఎప్పుడో చెప్పుకోకుండా లేచి వెళ్ళిపోయారు.

దారిలో బుల్లెమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నీ దగ్గర దాపరికమెందుకే? నేను బడ్డీ తీస్తే నాకు కూడు పోవడం ఖాయం. వీధి రావడం మాత్రం ఖాయం కాదు. వీళ్ళెవరూ తియ్యరు, నువ్వు చూస్తూండు" అంది. ఇంటికొచ్చి మీ బావతో ఆవిడ మాటే చెప్పాను. ఆయన అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

ఒక్కటి మాత్రం అందరూ అన్నారు. "ఇరుకైనా నెట్టుకొద్దాం, మల్లేశ్వరరావు దొడ్డి ఉంది కదా, పొడుగుకి లోటు లేదు" అన్నారు. నీ పేరు అంతమంది నోట వినగానే నాకు గర్వమేసింది.

సుందరికి గోరింటాకు పంపుతున్నాను.

రావమ్మ

*

వన్ టౌన్, విజయవాడ,
విజయదశమి.

అక్కకు,

మీ సభ సంగతి చదివాను. నాకు ఒకటి తోస్తోంది. ఎవరో ఒకరు ముందు తియ్యాలి. తీసి చూపిస్తే మిగతావాళ్ళకి సిగ్గేస్తుంది. మన అరుగు మాత్రం? తాతగారి నాడు వీధిలోకి ఒక అడుగు వచ్చిందేనని నాన్న అంటూండేవాడు. బావ గునపం పట్టి మన అరుగు కొడితే ఇక ఎవరి నోరు లేస్తుంది? ఆయనకి ఆ వీధిలో ఉన్న గౌరవం ఇంకెవరికుంది?

కొట్లో దసరా అమ్మకాలు. ఊపిరి తీసుకోవడానికి లేదు. దొడ్డి సంగతి సమయం వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

మల్లేశ్వరరావు

*

నాగులమెరక,
కార్తీక సోమవారం.

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించడమే నేను చేసిన పొరపాటు. మర్నాడు పొద్దున్నే గునపం తీశాడు. నాకు మాట మాత్రం చెప్పలేదు. చప్పుడుకి బయటికొస్తే అరుగు సగం పోయింది. నేను పురుళ్ళు పోసుకుని ఎండకి కూర్చున్న అరుగు, అమ్మని చివరిసారి పడుకోబెట్టిన అరుగు. గుంజుకుపోయింది నా ప్రాణం. కానీ ఆయన మొహం చూశాను, పెళ్ళినాడు కూడా అంత వెలుగు లేదు. నేనూ కొంగు బిగించి ఇటుకలు ఏరాను.

ఆ రోజు వీధి వీధంతా వచ్చింది. "వెంకటప్పయ్యంటే వెంకటప్పయ్యే" అన్నారు. ఆంజనేయులు మీ బావ చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకున్నాడు. మరో రెండు రోజులకి అదే ఆంజనేయులు తన ఒంటెద్దు బండి తెచ్చి మన గుమ్మం ముందు నిలిపాడు. "ఖాళీగా ఉంది కదాని పెట్టా బావా. పడుగు రోజు తీసేస్తాలే" అన్నాడు.

పడుగు రోజున ఆంజనేయులు గుడివాడ పోయాడు. బండికి ఒక చక్రం ఊడదీసి మరమ్మతుకి కూడా పట్టుకుపోయాడు. నలుగురు పట్టి ఎత్తితే గానీ బండి జరగలేదు, మీ బావ నడుం పట్టేసింది. ఈలోగా ఎండెక్కి గంజి గడ్డకట్టింది. ఆ పడుగు దేనికీ పనికిరాకుండా పోయింది. నేను కోపం పట్టలేక బండి మీద కుడితి కుమ్మరించాను. దానికి ఆంజనేయులు పెళ్ళాం నాతో మాట్లాడ్డం మానేసింది.

ఇంకో అరుగు ఎవరూ తియ్యలేదు. మనకి అరుగూ లేదు, చోటూ లేదు. మీ బావ ఒక్క మాట అన్నాడు. "తప్పు నాది కాదు, వాళ్ళదీ కాదు, మరి ఎవరిదే?" అన్నాడు. నీకు తెలిస్తే రాయి.

దొడ్డి సంగతి సమయం వచ్చినప్పుడు అన్నావు. ఏం సమయం, ఏం సంగతి? ఆ ఒక్క ముక్క దగ్గరే నా కళ్ళు ఆగిపోతున్నాయి.

రావమ్మ

*

వన్ టౌన్, విజయవాడ,
మార్గశిరం.

అక్కకు,

కార్డు ముక్కే రాస్తున్నాను, ఏమనుకోకు. సుందరికి జ్వరం. కొట్లో సరుకు లెక్కలు. బావ నడుముకి వావిలాకు కాపడం పెట్టు. చిన్న చిన్న వాటికి బెంగ పెట్టుకోవద్దు. అన్నీ తర్వాత వివరంగా రాస్తాను.

మల్లేశ్వరరావు

*

నాగులమెరక,
మాఘ మాసం, 1975.

మల్లేశ్వరరావుకి,

నిన్న దొడ్డిలో చప్పుడైతే వెళ్ళాను. కూలీలు సరివి బాదులు పాతుతున్నారు. గుంజ పీకి పక్కన పడేశారు. ఎవరు బాబూ మీరు అంటే, "రామకోటేశ్వరరావుగారి మనుషులమండీ. జాగా కొన్నారు కదండీ, మిషను షెడ్డు వేస్తున్నాం" అన్నారు. ఎవరి దగ్గర కొన్నారు అని అడిగాను. అడగక్కర్లేదని తెలిసీ అడిగాను.

వాళ్ళలో పెద్దాయన నా వంక చూసి, "మీకు తెలీదా అమ్మా?" అన్నాడు. ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది. తెలుసని అబద్ధం చెప్పి వచ్చేశాను.

నీ ఆస్తి, అమ్ముకున్నావు. కాదనడానికి నేనెవరిని? కానీ మా అరుగు కొట్టుకోమని ఉత్తరం రాసిన నాటికే నీ మనసులో ఈ బేరం ఉందా? నాకది ఒక్కటి చెప్పు. మీ బావ నీ మాట మీద గునపం పట్టాడు. ఆయనకి దొడ్డి సంగతి ఇంకా నేను చెప్పలేదు. నడుం నొప్పితో మంచం మీద ఉన్నాడు, చప్పుడు వింటూనే ఉన్నాడు. ఏమిటే అది అంటే ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి పోతున్నాను.

ఆశీస్సులు రాయడానికి చెయ్యి రావడం లేదు.

రావమ్మ

*

వన్ టౌన్, విజయవాడ,
మాఘ బహుళం.

అక్కా,

ఉంది. దసరాకి ముందే నా చెవిన పడింది. మా షావుకారు నన్ను గద్దె పక్కకి పిలిచి, "రామకోటేశ్వరరావు మనకి కావలసినవాడు, ఆ జాగా ఇచ్చెయ్యవయ్యా" అన్నారు. ఇవ్వనని అనలేదు, ఇస్తానని అనలేదు. ఆయన ఆ మర్నాటి నుంచి నాతో మాట్లాడటం మానేశారు. కొట్లో ఇంకో గుమాస్తాని పెట్టుకుని నా చేత తాళాలు అతనికి ఇప్పించారు. ఈ ఊళ్ళో ఆయన కాదన్న గుమాస్తాకి ఇంకో గుమ్మం తెరవరు. ఇది నేను రాయలేకపోయాను.

బావని అరుగు కొట్టమన్నది మోసం చేయడానికి కాదు. నిజంగా చెబుతున్నాను. వీధిలో వాళ్ళందరూ వెనక్కి జరిగితే, అదిగో అంతమంది తీశారు, నేనెలా ఇస్తానండీ అని షావుకారుతో అందామనుకున్నాను. వాళ్ళు జరుగుతారేమోనని నేను చూశాను. నేను గట్టిగా నిలబడతానని వాళ్ళు చూశారు. ఎవరూ జరగలేదని నీ ఉత్తరం వచ్చిన రోజున, అందరూ తలా రెండడుగులు పుచ్చుకున్నారు, నా దొడ్డి ఒక్కటే వీధి కోసం ఎందుకుండాలి అని నాకు కోపం వచ్చింది. ఆ కోపంలో సంతకం చేశాను. ఇప్పుడు ఆ కోపం లేదు. సంతకం ఉంది.

మొదటి ఉత్తరంలో నేను నీకు వీధి గురించి పెద్ద పాఠం చెప్పాను. అదంతా తెలిసి కూడా బుల్లెమ్మ చేసిన పనే నేనూ చేశాను. ఆవిడది రెండడుగులు, నాది మొత్తం కొస. సుందరి రెండు రోజులుగా నాకు అన్నం పెట్టి పక్కకి వెళ్ళిపోతోంది.

బావకి నువ్వు చెప్పవద్దు. నేనే వచ్చి చెబుతాను. షావుకారు సెలవివ్వగానే వస్తాను.

నన్ను తిట్టి అయినా సరే ఉత్తరం రాయి.

నీ తమ్ముడు

*

నాగులమెరక,
మార్గశిర మాసం, 1975.

తమ్ముడూ,

ఇన్నాళ్ళూ రాయనందుకు ఏమీ అనుకోకు. నువ్వు వస్తానని రాలేదు, సెలవు దొరికి ఉండదు. మీ బావకి నేనే చెప్పాను. "వాడు మాత్రం ఏం చేస్తాడే?" అన్నాడు. నీ మీద ఒక్క మాట పడనివ్వలేదు. నాకు ఆయన మీదే కోపం వచ్చింది, ఎవరో ఒకరి మీద అరిస్తే ఈ మనిషి బాగుండునని.

షెడ్డు లేచింది. మిషను వచ్చింది. పొట్టి పడుగులతో కొన్నాళ్ళు లాగాం, నూలు తెగి, అతుకులతో గుడ్డ చెడి, సంతలో ఎవరూ ముట్టుకోలేదు. ఎండాకాలం వెళ్ళేసరికి ఒక్కొక్క ఇల్లే రామకోటేశ్వరరావు గడప తొక్కింది. అందరికంటే ఆఖరున మీ బావ వెళ్ళాడు. వెళ్ళేముందు చొక్కా మార్చుకుని తల దువ్వుకున్నాడు, ఏదో శుభకార్యానికి వెళుతున్నట్టు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఇప్పుడు పడుగు వాళ్ళదే, గుడ్డ వాళ్ళదే, మాది చేతికూలి. రామకోటేశ్వరరావు మాట కటువుగా అనడు, నువ్వన్నట్టు మర్యాదస్తుడే. ఆ మర్యాదకి ఎదురు చెప్పడం ఇంకా కష్టం.

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను. పోయిన వారం పంచాయతీవాళ్ళు టేపు పట్టుకుని దిగారు. పై నుంచి గట్టి ఆర్డరు వచ్చిందట. ఎవర్నీ అడగలేదు, సభ పెట్టలేదు, ఎవరు ముందు అనే గొడవ లేదు. బుల్లెమ్మ బడ్డీ, ఆంజనేయులు మెట్లు, గేదె పాక, స్నానాల దొడ్డి, అన్నీ ఒక్క పూటలో కొట్టేశారు. బుల్లెమ్మ బడ్డీ చెక్కలు నెత్తిన పెట్టుకుని కూతురింటికి పోయింది. పోతూ పోతూ నన్ను కౌగిలించుకుంది. మన వైపు చూసి, ఇక్కడ కొట్టేందుకు ఏమీ లేదే అన్నారు వాళ్ళు. మిగతావన్నీ కొట్టాక కంకర పోసి రోలరు తిప్పారు. ఎందుకింత దయ వచ్చిందా అనుకున్నాం. షెడ్డుకి బేళ్ళ లారీ వచ్చాక తెలిసింది.

వీధి ఇప్పుడు ఎంత వెడల్పుందనుకున్నావు? నాన్న నాడు కూడా ఇంత లేదు. నిన్న పొద్దున లేచి చూస్తే మీ బావ వీధి నడిమధ్య నిలబడి ఉన్నాడు. చలిలో పైన కండువా కూడా లేదు. ఆ కొస నుంచి ఈ కొస దాకా చూస్తున్నాడు.

"అటు నలుగురూ ఇటు నలుగురూ హాయిగా నడవచ్చే" అన్నాడు నాతో.

నేను ఊ అన్నాను. కొస షెడ్డు గోడ దగ్గర ఆగిపోతుందని ఆయనకీ తెలుసు. కొస ఉన్నా, వేసుకోవడానికి సొంత నూలు ఒక్కరి ఇంట్లోనూ లేదని నాకూ తెలుసు. తర్వాత ఆయన లోపలికెళ్ళి మగ్గం గుంటలో దిగాడు. నేను పొయ్యి అంటించాను.

నీ మీద కోపం పెట్టుకుందామని ఈ ఏడాదంతా చాలా ప్రయత్నించాను. నిలవలేదు. బుల్లెమ్మ మీద నిలవలేదు, ఆంజనేయులు మీదా నిలవలేదు. ఎవరి ముఖం తలుచుకున్నా పాపం అనిపిస్తోంది, అయినా మా బతుకు మాత్రం పోయింది.

సెలవు దొరికినప్పుడు సుందరిని తీసుకుని రా. ఇదివరకటిలా రోడ్డు మీద దిగి సామాను మోసుకుంటూ నడవక్కర్లేదు. బస్సువాడు ఇప్పుడు మన గుమ్మం ముందు దాకా వచ్చి తిప్పుకుంటున్నాడు.

ఆశీస్సులతో,
అక్క